పొలుసుల లెక్క

కర్వినా కల్చరల్ హాల్లో ఆదివారం చేపల సంత.
బయట మైనస్ ఆరు.
ప్లాస్టిక్ సంచిలో నీళ్లు,
నీళ్లలో నిలువుగా నిలబడ్డ చందువలాంటిది ఒకటి,
నల్లచారలు, కింద మీసాల్లా వేలాడే రెండు తెల్ల పోగులు.
"ఇదేం చేప?" అన్నాను.
"స్కలారా" అన్నాడు, చిల్లర ఏరుతూ.
మా చెక్ భాషలో ఈ జాతులన్నిటికీ అదే పేరు.
ఎవరు నువ్వంటే
మనిషినని చెప్పినట్టు.

కోటు విప్పి స్వెట్టర్ కింద పెట్టుకుని బస్సెక్కాను.
చంటిదాన్ని తెస్తున్నట్టుందని ఎవరో నవ్వారు.
వోయ్‌త్యెఖ్ అని పేరు పెట్టాను.
పేరు పెట్టడం తేలిక.

మూడో అంతస్తు జ్బినెక్ భూతద్దంతో దిగాడు.
ముక్కు మీద నొక్కుంటే ఆల్టమ్,
ఒరినోకో నీళ్లది, నీ పింఛను మొత్తం పోసినా రాదు.
వీపురెక్క మొదట్లో నల్లమచ్చ ఉంటే లియోపోల్డి.
రెండూ లేకపోతే మామూలుదే.
నొక్కు ఉంది. పక్కకి తిరిగితే ఉంది.
తిండికి ఎదురొస్తే లేదు.
మచ్చ సంగతి సరేసరి,
దీపం ఆర్పితే చారలకే దిక్కులేదు.
"అయితే పొలుసులు లెక్కపెట్టాలి, ద్రహోమీరా.
మొప్ప దగ్గర్నించి తోక దాకా.
ముప్పై దాటితే ఒకటి, నలభై దాటితే ఇంకొకటి."

లెక్కా?
గని దీపాల గదిలో ముప్పైయొక్కేళ్లు నేను చేసిందదే.
దిగేవాడికి దీపమిచ్చి ఇత్తడి బిళ్ల తీసుకోవడం,
పైకొచ్చినవాడి దీపం తీసుకుని బిళ్ల ఇచ్చేయడం.
షిఫ్టు ముగిసేసరికి గోడ మీద మేకులన్నీ ఖాళీ కావాలి.
పైకొచ్చేవాళ్లంతా ఒకటే నలుపు, కళ్లూ పళ్లూ తప్ప.
ముఖం చూసి పోల్చుకోవడం కల్ల.
నాలుగువందల పదిహేడు మాత్రం
తలుపు అవతల ఉండగానే తెలిసేది,
రెండు పొడి దగ్గులు, మధ్యలో ఒక తిట్టు.
అతని పేరు
రిటైరైన రోజు కేకు మీద చదివాను.

చేప నిలబడదు.
ఒకసారి ఇరవై ఎనిమిది. ఒకసారి ముప్పై మూడు.
టీ తాగొచ్చి చూస్తే నలభై ఒకటి.
తొట్టెకి టేపు అంటించి రాసుకున్నాను,
కొట్టేశాను, మళ్లీ రాశాను.

కింద కొట్టు లెంకా ఉల్లిపాయలు ఇవ్వడానికొచ్చి
తొట్టె ముందు కూర్చుండిపోయింది.
వాళ్ల వియత్నాంలో దీన్ని దేవతల చేప అంటారట.
ఇరవై రెండేళ్లుగా ఆమె దగ్గర రొట్టె కొంటున్నాను,
లెంకా అన్నది మా నోరు తిరక్క మేం తగిలించిందని
ఆవేళే తెలిసింది.
అసలు పేరు ఙ్వెత్.
ముక్కులో మొదలై నాలుక చివర తెగిపోయే మాట,
చంద్రుడని అర్థం.
మూడుసార్లు అన్నాను, మూడూ తప్పే.
లెంకా చాల్లే అని నవ్వింది.
చాలదనిపించింది.

మార్చిలో జ్బినెక్ చేతులెత్తేశాడు.
"తొట్టెల్లో పుట్టి తొట్టెల్లో పెరిగిన సంతతి.
తాత ఒక నదివాడు,
అమ్మమ్మ ఏ నదిదో అమ్మినవాడికే తెలీదు.
కలగాపులగం" అని భూతద్దం జేబులో వేసుకున్నాడు.

మర్నాడే హీటర్ గొట్టం మీద
సన్న సగ్గుబియ్యంలా వరసగా గుడ్లు.
వోయ్‌త్యెఖ్ ఆడది!
జాతి వెతికే హడావుడిలో
అదొక్కటీ చూడలేదు మేమిద్దరం.
తోడు లేని గుడ్లు.
రెండో రోజుకి పాలిపోయాయి, మూడో రోజుకి బూజు.
అయినా రెక్కతో విసురుతూనే ఉంది,
ఎన్నో, ఎవరివో
లెక్క అడక్కుండా.

టేపు ఇంకా ఉంది.
రాసిందంతా తడికి అలుక్కుపోయింది.
పేరు మార్చలేదు, ఇద్దరికీ అలవాటైపోయింది.
పొద్దున్నే నేను దగ్గుతానా,
చారలు ముదురుతాయి,
గాజు దగ్గరికొచ్చి నిలబడుతుంది.
అప్పటికి నేనింకా
తలుపు అవతలే ఉంటాను.